వదిన వేసిన బ్రేకు

హార్న్ మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన కారుకి హార్న్ లేక కాదు, దాని గొంతు ఎవరూ విన్న పాపాన పోలేదు. పక్క సీట్లో కూర్చుని "బ్రేకు! బ్రేకు! బ్రేకయ్యా బాబూ!" అని ఆయన పెట్టే కేకకే రోడ్డు మీద జనం తప్పుకుని దారి ఇచ్చేవారు. పంతొమ్మిదేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నాడు. పంతొమ్మిదేళ్లూ ఒకటే కారు. దాని అసలు రంగు ఏమిటని అడిగితే ఇప్పుడు ఆయన కూడా ఒక క్షణం ఆలోచించుకోవాలి. అయినా ఆ కారు మీద ఈగ వాలనివ్వడు. "నా బండిలో నేర్చుకున్నవాడు పరీక్ష తప్పడు" అని ఆయన అంటే గొప్పలు పోతున్నాడని ఎవరూ అనుకోలేదు. నిజంగానే ఇన్నేళ్లలో ఎవరూ తప్పలేదు.

తప్పింది ఒక్కరే. ఆయన సొంత వదిన. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది మాస్టారి పని.

వదినకి నలభై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లుగా ఇంటి ముందుగదిలో కుట్టు మిషను తొక్కుతోంది. ఈ వయసులో ఆవిడకి స్టీరింగ్ పట్టుకోవాలని ఎందుకు పుట్టిందయ్యా అంటే, దానికి కారణం ఆవిడ మొగుడు, అంటే మాస్టారి అన్నయ్య. రెండేళ్లుగా ఆయనకి కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ సెంటరువాళ్లే వ్యాను పంపి తీసుకెళ్తారు, మళ్లీ ఇంటి దగ్గర దింపుతారు. ఆ వ్యాను డ్రైవరు మనిషి మంచివాడే, కాదనను. కానీ బ్రేకు వేశాడంటే లోపలున్న తొమ్మిది మందికీ పేగులు నోట్లోకి రావాల్సిందే. చేతికి సూదులతో నాలుగు గంటలు పడుకుని లేచిన మనుషులు వాళ్లు. కళ్లు తిరుగుతుంటాయి, కడుపులో తిప్పుతుంటుంది. తోడుగా వెళ్లిన వదిన ఒకరోజు ఆ వ్యానులో తన మొగుడు తల కిటికీ ఊచకి కొట్టుకోవడం చూసింది. మర్నాడు పొద్దున్నే మరిది ఇంటికొచ్చి, "నాకు డ్రైవింగ్ నేర్పు" అంది.

ఆ డ్రైవరు ఈ నెలాఖరుకి పని మానేస్తున్నాడు. సెంటర్లో పెద్ద నర్సు వదినతో ఒకటే మాట చెప్పింది. "శనివారం లోపల లైసెన్సు తెస్తే వ్యాను నీది. లేదంటే ఇంకొకతను తాళాల కోసం ఎదురు చూస్తున్నాడమ్మా, నేను ఆపలేను."

మూడోసారి పరీక్ష శుక్రవారం. అదీ పోతే మళ్లీ మూడు నెలల దాకా రానివ్వరు.

ఇంతకీ రెండుసార్లూ ఆవిడ ఎక్కడ తప్పింది? ఒకే చోట. పరీక్షలో కారులో మనిషి ఒంటరిగా ఉండాలి. ఇన్‌స్పెక్టరు వెనక నిలబడి చూస్తాడు. తెల్లగీత దగ్గర కారు ఆగాలి, ఆగేటప్పుడు వెనక ఎర్రలైటు వెలగాలి. వెలగలేదంటే బ్రేకు వేయకుండా దొర్లించి ఆపినట్టే లెక్క. కారుని కూడా ముందే చూసుకుంటాడు. "మాస్టారూ, ఒకసారి బ్రేకు" అంటాడు. మాస్టారు తొక్కుతాడు, లైటు భేషుగ్గా వెలుగుతుంది. ఆ తరువాత వదిన కారెక్కి, మెలికల దారి అంతా పొల్లుపోకుండా తిప్పి, తెల్లగీత దగ్గర నిమ్మళంగా ఆపుతుంది. ఎర్రలైటు మాత్రం వెలగదు. ఇన్‌స్పెక్టరు కాగితం మీద అడ్డంగా గీత కొట్టేస్తాడు.

"వదినా, బ్రేకు ఎక్కడుంటుందో తెలుసా నీకు?" రెండోసారి తప్పిన రోజు మాస్టారు దారి పొడుగునా సాధించాడు.

"మధ్యలో."

"మరి తొక్కొచ్చుగా?"

"తొక్కాను."

"తొక్కితే లైటెందుకు వెలగలేదు?"

"అది నీ లైటుని అడగాలి."

"ఆహా! ఆడలేక మద్దెల ఓడందట వెనకటికి ఒకావిడ!"

వదిన కారు పక్కకి ఆపి దిగి, వెనక్కి వెళ్లి నిలబడింది. "నువ్వొచ్చి తొక్కు" అంది. మాస్టారు స్టీరింగ్ ముందు కూర్చుని కోపమంతా కాల్లోకి తెచ్చుకుని తొక్కాడు. "వెలిగింది" అంది వదిన.

"చూశావా మరి?"

"చూశాను. వెలిగింది కాబట్టి వెలిగిందన్నాను. నేను తొక్కాను కాబట్టి తొక్కానంటున్నాను. రెండూ నిజమే."

మాస్టారు గొంతు పెంచాడు. జవాబు లేనప్పుడు గొంతు పెంచడం ఆయనకి అలవాటు. డయాలసిస్ లేని రోజని పరీక్షకి తోడొచ్చిన అన్నయ్య వెనక సీట్లో అప్పుడే కళ్లు తెరిచాడు. "ఏంట్రా ఆ గోల? మీ ఆవిడ కేకలు వేస్తే పడుంటావు గానీ, మా ఆవిడ మీద నోరు పారేసుకుంటావేంట్రా? ఆవిడ నడుపుతుంటే కాస్త కునుకు పట్టింది. నువ్వెక్కావు, పోయింది."

"అంటే నా డ్రైవింగ్ బాగోలేదంటావా?"

"నీది డ్రైవింగేరా. అందులో నిద్ర పట్టదంతే."

నిజానికి ఆ మాట మాస్టారికి గుచ్చుకుంది గానీ, పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం కదా ఆయన! ఆవిడ బ్రేకు వేయలేదనే సాధించాడు. బుధవారం సాయంత్రం దాకా.

బుధవారం సాయంత్రం వదిన నడుపుతోంది, మాస్టారు పక్కన ఉన్నాడు, వెనక అన్నయ్య. అన్నయ్య నీళ్లడిగితే మాస్టారు వెనక్కి పూర్తిగా తిరిగి, సీటు మీద మోకాళ్లు ఆనించి, కాళ్ల దగ్గర దొర్లుతున్న సీసా తీసి ఇస్తున్నాడు. అప్పుడే ముందు సిగ్నల్ పడింది. వదిన ఆపింది. వెనక లారీ ఒకటి కీచుమంటూ వచ్చి మూరెడు దూరంలో ఆగింది. లారీ డ్రైవరు దిగొచ్చి కారు పైకప్పు మీద చేత్తో చరిచాడు.

"బ్రేకు లైట్లు లేకుండా రోడ్డెక్కుతారా? ఇంకాస్తుంటే మిమ్మల్ని ముగ్గుర్నీ గోకి తీయాల్సొచ్చేది!"

"లైట్లు లేకపోవడమేంటయ్యా!" మాస్టారు దిగి, అవతలివైపు వెళ్లి తలుపు తీసి, వదినని కాలు జరుపుకోమని, నిలబడే తన కాలు లోపలికి పెట్టి పెడల్ తొక్కాడు. "చూడు!"

రెండు లైట్లూ వెలిగాయి. లారీ డ్రైవరు తెల్లమొహం వేశాడు. కానీ వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు. "ఇప్పుడు వెలిగాయి సరే. ఇందాక లేవు. నాకు రెండు కళ్లున్నాయి మాస్టారూ."

ఆ రాత్రి మాస్టారు అన్నం సరిగా తినలేదు. వదిన మాట కొట్టిపారేయొచ్చు, ఇంటి మనిషి. దారిన పోయే లారీవాడికి అబద్ధం ఆడాల్సిన ఖర్మ ఏం పట్టింది? తెల్లారకుండానే లేచి బల్బులు మార్చాడు. ఫ్యూజు మార్చాడు. వెనక తీగలు బాడీకి ఆనేచోట తుప్పు గీకి మళ్లీ బిగించాడు. ప్రతి పనికీ ఒకసారి పెడల్ తొక్కి చూశాడు. ప్రతిసారీ వెలిగింది. వరండాలో కూర్చున్న అన్నయ్య చూసి చూసి, "వెలిగేదాన్ని బాగుచేస్తున్నావేంట్రా?" అన్నాడు.

ఇక లాభం లేదని గురువారం మధ్యాహ్నం వదినని వెంటబెట్టుకుని గోడ మిస్త్రీ దగ్గరికి వెళ్లాడు.

గోడ మిస్త్రీ గోడలు కట్టడు. కొత్తవాళ్లు ఆ పేరు విని ఇంటికి ప్రహరీ కట్టించుకుందామని వచ్చి, నవ్వుకుని వెళ్లిపోతుంటారు. ఆయన కార్ల కరెంటు పని చేసే ముసలాయన. షెడ్డులో ఒక గోడకి ఏటా తనే తెల్లసున్నం వేసుకుంటాడు. ఏ కారొచ్చినా దాన్ని వెనక్కి తిప్పి ఆ గోడకి నిలబెట్టిస్తాడు. తను పక్కగా ఒక చెక్కపెట్టె మీద కూర్చుంటాడు. కారు వంక చూడడు, గోడ వంక చూస్తాడు. ఏ లైటు ఎంత వెలిగింది, ఎంత ఆలస్యంగా వెలిగింది, ఏది వణికింది, అంతా గోడ మీద పడే వెలుగులోనే చదువుకుంటాడు. ఇంకో పట్టుదల కూడా ఉంది. జబ్బు తన కళ్ల ముందు కనపడే దాకా ఒక్క స్క్రూ తిప్పడు.

"ముందే తిప్పితే ఏమవుతుంది?" అని ఒకసారి ఎవరో అడిగారట.

"కదులుతుంది. కదిలితే నాలుగు రోజులు బుద్ధిమంతురాలిలా పనిచేస్తుంది. ఐదో రోజు మళ్లీ మొదటికే. దొంగ మొహం చూడకుండా తలుపులు మారిస్తే ఏం లాభం?"

మాస్టారు పొద్దుట్నుంచీ తను మార్చినవన్నీ ఏకరువు పెడుతుంటే ముసలాయన కళ్లు మూసుకుని విన్నాడు. "బాగా కదిపావన్నమాట" అన్నాడు. "సరే. ఎవరు తొక్కినప్పుడు వెలగలేదు?"

మాస్టారు వదిన వంక చూశాడు. అందరూ 'ఎప్పుడు వెలగలేదు' అని అడుగుతారు గానీ 'ఎవరు' అని ఎవరూ అడగలేదు.

"నేను తొక్కినప్పుడు" అంది వదిన.

"పక్కన ఎవరున్నారమ్మా?"

"పరీక్షలో రెండుసార్లూ ఎవరూ లేరండీ. నిన్న లారీ అతను చూసినప్పుడు మా మరిది ఉన్నాడు, కానీ వెనక్కి తిరిగి వాళ్లన్నకి నీళ్లిస్తున్నాడు. కాళ్లు సీటు మీదున్నాయి."

ముసలాయన కళ్లు తెరిచి మొదటిసారి ఆవిడని తేరిపార చూశాడు. "కాళ్లెక్కడున్నాయో కూడా చూశావా?"

"చూడక్కర్లేదండీ. ఆయన చెప్పులు గేరు మీద పడ్డాయి, నేనే తీశాను."

మాస్టారికి చెవులు ఎర్రబడ్డాయి. నేర్పే కారు కదా, దానికి రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. ఒకటి నడిపేవాళ్ల దగ్గర, ఒకటి మాస్టారి దగ్గర. రెండిటినీ కలుపుతూ కింద ఒక ఇనపకడ్డీ. ఎవరు తొక్కినా కారు ఆగుతుంది. మరి కాళ్ల సంగతి ఇప్పుడెందుకు?

కారుని గోడకి నిలబెట్టారు. మొదట మాస్టారు ఒక్కడే తొక్కాడు. గోడంతా ఎర్రబడింది. తరువాత వదిన స్టీరింగ్ ముందు, మాస్టారు పక్కన. ఆవిడ తొక్కింది. గోడ ఎర్రబడింది.

"చూశారా! వెలుగుతూనే ఉందిగా!" మాస్టారి గొంతు మళ్లీ లేచింది.

"నువ్వు దిగు" అన్నాడు ముసలాయన. "అమ్మా, తెల్లగీత నీ ముందే ఉందనుకో. పరీక్షలో ఎలా వేశావో అలాగే వెయ్యి. నాకోసం ఏమీ మార్చకు."

వదిన ఒక ఊపిరి తీసుకుని తొక్కింది. పెడల్ దిగింది, మాస్టారు కిటికీలోంచి వంగి తన కళ్లతో చూశాడు. నిజంగా దిగింది. గోడ మాత్రం తెల్లగానే ఉంది.

"మళ్లీ." తెల్లగానే ఉంది.

"ఇప్పుడు మెల్లిగా ఇంకా తొక్కుతూ పో... పో... పో..." పెడల్ చివరికంటా వెళ్తుండగా ఒక్కసారిగా గోడ ఎర్రబడింది.

ముసలాయన తొడ చరుచుకున్నాడు. "దొరికింది దొంగ! నలభై ఏళ్లుగా ఈ షెడ్డులో 'బ్రేకు తొక్కు' అంటున్నానమ్మా. మగా ఆడా అందరూ బొద్దింకని తొక్కినట్టే తొక్కారు. బ్రేకు చూడ్డానికి తొక్కమంటే ఎవడూ మెత్తగా తొక్కడు. మెత్తగా తొక్కితే గానీ ఈ జబ్బు కనపడదు. నువ్వు రాకపోతే ఇంకో పదేళ్లయినా ఇది పట్టుబడేది కాదు."

తరువాత మాస్టారికి అర్థమయ్యేట్టు చెప్పాడు. ఈ పాత కారులో లైటుని వెలిగించే స్విచ్ పెడల్ దగ్గర ఉండదు. ముందువైపు, బ్రేకు నూనె వెళ్లే గొట్టానికి బిగించి ఉంటుంది. తొక్కితే నూనె నెడుతుంది, ఆ ఒత్తిడికి స్విచ్ కలుస్తుంది, లైటు వెలుగుతుంది. "ముసలిదైపోయింది. నాలాగే, గట్టిగా నెడితే గానీ లేవదు. నీ శిష్యులందరూ గట్టిగా తొక్కే రకం, నువ్వు నేర్పిందే అది. వాళ్లకి వెలిగింది. ఈవిడకి వెలగలేదు."

"మరి నేను పక్కనున్నప్పుడు ఎందుకు వెలిగింది?"

"రెండు కాళ్ల బలం పడింది గనక."

"నేనెక్కడ తొక్కానండీ? ఊరికే కూర్చున్నాను!"

ముసలాయన వాదించలేదు. వాదించడం ఆయన పద్ధతి కాదు. "పరీక్ష పోయిన రోజు మద్దెల సంగతేదో అన్నావట, ఇందాక మీ వదిన చెప్పింది" అన్నాడు. "ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడై ఉంటుందయ్యా."

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఆ స్విచ్ ఇప్పుడు బజార్లో దొరకదు. ఎక్కడినుంచో తెప్పించాలంటే వారం పడుతుంది. పరీక్ష రేపు పదింటికి.

మాస్టారి మొహం వెలిగింది. "అయితే ఇంకేం! తేలిక ఉపాయం ఉంది కదా. వదినా, రేపొక్కరోజు గట్టిగా తొక్కు. లైటు వెలుగుతుంది, ఆయన సంతకం పెడతాడు, ఎల్లుండి వ్యాను నీది. తరువాత నీ ఇష్టమొచ్చినట్టు మెత్తగా వేసుకో."

వదిన కారు దిగలేదు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి కాసేపు తన పాదం వంక చూసుకుంది.

"కాలరు తిప్పేటప్పుడు," అంది మెల్లగా, "ఒక్క కుట్టు ఎక్కువ పడినా మూల చెడిపోతుంది. సరిగ్గా ఆ కుట్టు దగ్గర మిషను ఆగాలి. ఆపడం నేర్చుకోవడానికి ఈ కాలికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు నా తప్పు కానిదానికి నా కాలెందుకు మార్చుకోవాలి? స్విచ్ మార్చండి."

"స్విచ్ లేదంటున్నారుగా వదినా! రేపు పోతే ఉద్యోగం పోతుంది!"

"తెలుసు. నాకంటే ఎవరికి తెలుసు?" ఆవిడ తల ఎత్తింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "ఆ వ్యానులో తొమ్మిది మంది ఎక్కుతారు. నేను వాళ్లకి ఇవ్వగలిగింది ఈ మెత్తటి బ్రేకు ఒక్కటే. దాన్ని దాచిపెట్టి, లేనిది చూపించి తెచ్చుకున్న కాగితంతో వాళ్ల దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

మాస్టారికి మొట్టమొదటిసారి తన గొంతు తనకే అక్కర్లేదనిపించింది. ఇన్నేళ్లలో ఎంతమందికో పరీక్ష నెగ్గడం నేర్పాడు. బ్రేకు వేయడం నేర్పానా అని ఆయనకి అనుమానం వచ్చింది.

ముసలాయన పెట్టె మీంచి లేచాడు. "ఆ మాటకి నేను ఈ రోజంతా పని చేస్తానమ్మా" అని, లోపలికి వెళ్లి పాత సామాన్ల డబ్బా బోర్లించాడు. అందులోంచి బొటనవేలంత స్విచ్ ఒకటి ఏరాడు, వేరే రకం కారుది. మధ్యలో చిన్న మీట, నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే బయటికి వస్తుంది. దీన్ని పెడల్ వెనక బిగిస్తే నూనెతో పని లేదు. పెడల్ వెంట్రుకవాసి కదిలితే మీట బయటికొస్తుంది, లైటు వెలుగుతుంది. కానీ బిగించడానికి ఆ కారులో చోటు లేదు. ఇనపరేకు ముక్క కోసి, డాష్‌బోర్డు కింద మూరెడు సందులో తల దూర్చి కొలిచి, ఆకురాయితో రాకి, వంచి, కన్నాలు పొడిచి, మళ్లీ విప్పి, మళ్లీ వంచాడు. మాస్టారు పక్క సీటు మీద బోర్లా పడుకుని టార్చి పట్టుకున్నాడు. "వెలుతురు పెడల్ మీద వెయ్యవయ్యా, నా ముక్కు మీద కాదు" అని తిట్లు తిన్నాడు. పంతొమ్మిదేళ్లలో ఆయన కారు పనిలో తిట్లు తినడం అదే మొదలు, టార్చి బుద్ధిగా పక్కకి తిప్పాడు.

మూడోసారి బిగించాక, మీటకీ పెడల్‌కీ మధ్య పోస్టుకార్డు మందం సందు కూడా లేకుండా చూసుకుని, తీగలు కలిపి, ముసలాయన పెట్టె మీద కూర్చున్నాడు.

"ఇద్దరూ ఎక్కండి. అమ్మా, వెయ్యి."

వదిన పాదం ఆనించీ ఆనించగానే గోడ ఎర్రబడింది.

"భేష్! వదిలెయ్యి."

గోడ ఎర్రగానే ఉంది.

"వదులు తల్లీ."

"వదిలేశానండీ." వదిన రెండు కాళ్లూ పక్కకి జరిపి చూపించింది. గోడ మాత్రం దివ్యంగా వెలుగుతోంది.

ముసలాయన కదల్లేదు. గోడ వంకే చూస్తూ, "మాస్టారూ" అన్నాడు.

మాస్టారు కిందికి చూసుకున్నాడు. ఆయన కుడికాలు తన పెడల్ మీద ఉంది. ఎప్పుడు పెట్టాడో ఆయనకే తెలియదు. తీశాడు. గోడ తెల్లబడింది. తీసిన కాలు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. రెండు నిమిషాలు మాట్లాడుతూ కూర్చున్నారు, గోడ మళ్లీ ఎర్రబడింది. దొంగ ఆధారాలతో సహా దొరికిపోయాడు.

ఇన్నాళ్లూ వదిన వేసిన ప్రతి బ్రేకు మీదా తన కాలు ఉందన్నమాట. ఆవిడ ఎంత మెత్తగా ఆపుతుందో ఒక్కరోజూ తెలుసుకోనివ్వలేదన్నమాట, తనని తను. మాస్టారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"తిట్టుకోకు" అన్నాడు ముసలాయన. "నేర్పేవాడి కాలు అక్కడే ఉండాలి. ఎప్పుడు తియ్యాలో తెలియాలంతే."

శుక్రవారం పదింటికి పరీక్ష స్థలంలో పాతికమంది వరుసలో ఉన్నారు. సగం మంది మాస్టారి శిష్యులే. ఇన్‌స్పెక్టరు అలవాటుగా "మాస్టారూ, ఒకసారి బ్రేకు" అన్నాడు.

"నేను కాదండీ, ఆవిడనే తొక్కమనండి" అన్నాడు మాస్టారు. తరువాత వరుసలో అందరికీ వినపడేట్టు, అదే హార్న్ గొంతుతో అన్నాడు. "రెండుసార్లూ మా వదిన బ్రేకు వేసిందండీ. నా కారే అబద్ధం చెప్పింది. నేను కారు మాట నమ్మి ఆవిడ మాట నమ్మలేదు."

శిష్యులు మొహమొహాలు చూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. "అప్పుడు నేను చూసింది రాశాను. ఇప్పుడు చూసేది రాస్తాను. పంపండి."

కారు కదిలింది. మెలికలు తిరిగింది, వెనక్కి వెళ్లింది, ముందుకొచ్చింది. తెల్లగీత ఇంకా పది గజాలుండగానే వెనక రెండు ఎర్రలైట్లూ వెలిగాయి. ఆరలేదు, వణకలేదు. కారు వేగం తగ్గుతూ, తగ్గుతూ వచ్చి గీత దగ్గర నిలబడింది. ఆగినప్పుడు కారు ముక్కు వంగలేదు. మాస్టారు ఆ రెండు లైట్లనీ చూస్తూ ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు. ఇంత అందంగా కారు ఆపడం తన జన్మలో చూడలేదు. తనకి చేతకాదు కూడా, ఆ మాట ఆయనే పైకి అనేశాడు.

"ఎప్పుడు ఆగిందో తెలియలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాగితం మీద సంతకం పెడుతూ. "ఎవరు నేర్పారు?"

"కుట్టు మిషను" అన్నాడు మాస్టారు.

అటునుంచి అటే డయాలసిస్ సెంటరుకి వెళ్లారు. పెద్ద నర్సు కాగితం చూసి వ్యాను తాళాలు వదిన చేతిలో పెట్టింది. అన్నయ్యకి అప్పుడే అయింది, చేతికి కట్టుతో, పాలిపోయిన మొహంతో బయటికొచ్చాడు. కారు వెనక సీట్లో పడుకోబెట్టారు. వదిన స్టీరింగ్ ముందు కూర్చుంది. మాస్టారు పక్కన కూర్చోబోతూ ఆగాడు. చెప్పులు విడిచి కిటికీ పక్కన పెట్టుకున్నాడు. రెండు కాళ్లూ పైకి తీసి సీటు మీద మఠం వేసుక్కూర్చున్నాడు. ఆ సీట్లో ఆయన అలా కూర్చోవడం పంతొమ్మిదేళ్లలో ఇదే మొదటిసారి.

దారిలో సిగ్నళ్లు పడ్డాయి, ఒక సైకిలు అడ్డమొచ్చింది, ఒక బస్సు చెప్పాపెట్టకుండా ముందు ఆగింది. మాస్టారి మోకాళ్లు రెండుసార్లు ఎగిరాయి. చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. నోరు విప్పలేదు.

ఇంటి ముందు కారు ఆగింది. అన్నయ్యని లేపబోయి చూస్తే మంచి నిద్రలో ఉన్నాడు, నోరు కొద్దిగా తెరుచుకుని, పసిపిల్లాడిలా. డయాలసిస్ అయిన రోజు ఆయన దారిలో నిద్రపోవడం రెండేళ్లలో లేదు. వదిన వేలు పెదాల మీద పెట్టుకుని లేపొద్దని సైగ చేసింది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

మాస్టారు ఇంత చిన్న గొంతుతో మాట్లాడటం ఎవరూ విని ఉండరు. "వదినా, నా తప్పు క్షమించు. నీలాగా బ్రేకు వేసే మనిషిని నేను చూడలేదు."

వదిన అద్దంలోంచి వెనక సీటు వంక చూస్తూ, కళ్లు తుడుచుకుని, అంతే చిన్నగా అంది.

"సరేలే గానీ, ముందు కాళ్లు కిందికి దించు. ఆ సీటు కవరు కుట్టింది నేను."